ఒక జంటకే చోటు

కాటన్‌పేట, బెంగళూరు
12 మార్చి 2025, బుధవారం

వదినగారు నేత్రావతమ్మగారికి, మీ వియ్యపురాలు గౌరమ్మ నమస్కారాలతో రాస్తున్నది.

దొడ్డబళ్ళాపురంలో మీరూ, జయరామప్ప అన్నగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం చాలా బాగున్నామని అన్నిటికంటే ముందు రాయమన్నారు మావారు. రాశాను. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేనొక పేజీ పూర్తి చేసేసరికి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతున్నారు. కాబట్టి ఇందులో ఆయన మీద ఫిర్యాదులేమీ ఉండవు, ఆశ పెట్టుకోకండి.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటారేమో. నవ్వండి. పిల్లల చెవిన పడకుండా మనం మాట్లాడుకోవాలంటే ఇదొక్కటే దారి. నా ఫోను మా పిల్ల నవ్య కొనిచ్చింది. అందులో వచ్చే మెసేజీలన్నీ దాని కంప్యూటరులోనూ కనపడతాయని ఈ మధ్యే తెలిసింది. మీ ఇంట్లోనేమో మగ్గాల చప్పుడుకు స్పీకరు పెట్టి మాట్లాడతారు, వీధి వీధంతా వింటుంది. ఉత్తరమైతే ఆ బాధ లేదు. నవ్యకు కన్నడం బస్సు బోర్డు చదివేంత వచ్చు, మిగతాదంతా ఇంగ్లీషే. నా చేతిరాత తెలుగు దాని వల్ల కాదు. అల్లుడుగారూ అంతే. మీరు హిందూపురం బడిలో, నేను మడకశిర బడిలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న అక్షరాలు ఇన్నాళ్ళకు ఒక పనికి వస్తున్నాయి.

సంగతి మీకు తెలిసిందే. నవ్య పనిచేసే మహదేవపుర కంపెనీవాళ్ళు ఏడాదికోసారి ఇన్సూరెన్సులో ఇంటివాళ్ళ పేర్లు చేర్చుకుంటారు. మొగుడూ పెళ్ళాం కాక, పెద్దవాళ్ళలో ఒక జంటకే చోటు. పుట్టింటివాళ్ళైనా సరే, అత్తింటివాళ్ళైనా సరే. ఇక్కడినుంచి ఒకరు, అక్కడినుంచి ఒకరు అంటే కుదరదట. అల్లుడుగారి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ కంపెనీ నిన్నగాక మొన్న పుట్టింది, దానికి పెద్దవాళ్ళ ధ్యాసే లేదు. కనుక ఉన్నది నవ్య కంపెనీ ఒక్కటే, మనమేమో నలుగురం.

పోయినేడు మనం చేసిన నిర్వాకం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. నవ్య మిమ్మల్ని అడిగితే మీరు "కన్నోళ్ళ పేర్లు ముందు రాయించు తల్లీ, మాది తర్వాత చూద్దాం" అన్నారు. ఆ మాట ఇక్కడికి వస్తే మావారు "అదెట్లయితుందప్పా, బిడ్డను ఇచ్చినోళ్ళం మేము. అత్తామామలు ఉండంగా మా పేర్లు రాయించుకుంటే నలుగురు ఏమంటారు, వాళ్ళవే రాయించు" అన్నారు. అది మళ్ళీ మీకు చేరితే జయరామప్ప అన్నగారు "సుమ్నే ఊరికే ఉండమ్మా, మగ్గం కాడ కూర్చున్నోడికి జబ్బు ఎట్లొస్తాది, మీ నాయన మునిరాజన్నదే రాయించు" అన్నారు. పెళ్ళి భోజనాల్లో ముందు మీరు కూర్చోండి, కాదు మీరే కూర్చోండి అంటూ విస్తరి ముందు నిలబడిపోతాం చూడండి, అట్లా నిలబడ్డాం. ఈలోపు తేదీ దాటిపోయింది. కంప్యూటరుకు మర్యాదలు తెలియవు. ఎవరి పేర్లూ రాలేదని తలుపు మూసేసింది. ఇంకెవరైనా అయితే ఒకరి చోటు కోసం ఒకరు కొట్టుకునేవాళ్ళు. మనం వద్దు వద్దంటూ ఇద్దరమూ పోగొట్టుకున్నాం.

తర్వాత కార్తీకంలో అన్నగారికి గుండెనొప్పి రానే వచ్చింది. స్టెంటు వేశారు, మనిషి దక్కాడు. దానికోసం మీరు రెండు మగ్గాలు అమ్మేశారు. వాటిని టెంపోలోకి ఎక్కిస్తున్నప్పుడు నేను మీ గుమ్మంలోనే ఉన్నాను. మీరు ఏడుస్తారేమో, పట్టుకుందామని చూశాను. మీరు ఏడవలేదు. లోపలికి వెళ్ళి మాకు కాఫీ పెట్టుకొచ్చారు. ఆ కాఫీ గ్లాసు అట్లాగే పెట్టి వచ్చేశాను వదినా. ఒక్క మాట, "సరే, మా పేర్లే రాయించు" అని మన నలుగురిలో ఎవరో ఒకరు అని ఉంటే, కనీసం ఒక ఇంటికైనా ఆసరా ఉండేది.

ఇప్పుడు మళ్ళీ ఆ రోజులే వచ్చాయి. ఈసారి గొడవ మన మధ్య లేదు, పిల్లల మధ్యకు వచ్చింది.

పోయిన ఆదివారం ఇద్దరూ వచ్చారు. అల్లుడుగారికి ఇష్టమని రాగిముద్ద, ఆకుకూర ఉడికిన నీళ్ళతో బస్సారు చేశాను. నవ్య మామూలుగానే మొదలుపెట్టింది. ఈ నెల ఇరవై అయిదు లోపల పేర్లు చేర్చాలట. ఈ ఏడు కొత్తగా, ఆసుపత్రిలో చేరకపోయినా సరే, డాక్టరు రాసే నెలనెలా మందుల ఖర్చు కూడా ఆ ఇన్సూరెన్సే ఇస్తుందట. ఇదివరకే ఉన్న జబ్బులైనా మొదటి రోజు నుంచి ఒప్పుకుంటారట. అదంతా చెప్పి, "ఈసారి మా అమ్మా నాయన పేర్లే రాస్తాను. నాయన ఎంత చిక్కిపోయి ఉండాడో చూడు, నాకు మనసు ఒప్పటం లేదు" అంది. అల్లుడుగారు ముద్ద తుంచబోతున్న చెయ్యి ఆపారు. "మా నాయన గుండెలో స్టెంటు ఉండాది, మీ నాయనకు దగ్గు ఉండాది. రెండూ ఒకటేనా నవ్యా" అన్నారు. అందులో తప్పేముంది? కొడుకు అనాల్సిన మాటే. మా పిల్ల మాత్రం ఊరుకోలేదు. "జీతం నాది కదా" అనేసింది.

వడ్డిస్తున్న బస్సారు గిన్నె కింద పెట్టేశాను. కడుపున పుట్టిన పిల్లే, అయినా చెంప మీద ఒకటి ఇద్దామన్నంత కోపం వచ్చింది. అల్లుడుగారు లేచి చెయ్యి కడుక్కున్నారు. ఒకే స్కూటరు మీద వచ్చినవాళ్ళు వేరువేరుగా వెళ్ళారు. ఆయన స్కూటరు తీసుకుపోయారు, ఇది ఆటో ఎక్కింది. అప్పటినుంచీ ఇద్దరి మధ్యా మాటల్లేవని నవ్య గొంతు వింటేనే తెలుస్తోంది. అక్కడ మీకూ తెలిసే ఉంటుంది, మీ అబ్బాయి చెప్పకపోయినా.

చిక్కిపోయాడన్న మాట కొట్టెయ్యమంటున్నారు మావారు. బిడ్డ అన్న మాట, నేనెందుకు కొట్టేస్తాను?

వాళ్ళు వెళ్ళాక ఈయన గడపలో నిలబడి చాలాసేపు వీధిలోకి చూశారు. లోపలికి వచ్చి "కాగితం తీ. నేత్రావతమ్మకు రాయి. మాకు అక్కర్లేదని గట్టిగా రాయి" అన్నారు. తీస్తాను తీస్తానంటూ ఈరోజు దాకా జరిపాను. చివరికి ఆయనే కాగితాలు, కవరు, తపాలా బిళ్ళ అన్నీ కొనుక్కొచ్చి నా ముందు పెట్టారు. మా గుండీల అంగడి కూడా మధ్యాహ్నం దాకా తియ్యలేదు. ఇంత పంతం ఈయనలో నేను పెళ్ళిచూపుల్లో తప్ప చూడలేదు.

మాకెందుకు అక్కర్లేదో వివరంగా రాయమంటున్నారు. వినండి మరి.

మా వీధి మలుపులో వెంకటగిరియప్ప మందుల అంగడి ఉంది. నవ్య పెళ్ళిరోజు మీకు తలనొప్పి వస్తే మాత్ర తెప్పించింది అక్కడినుంచే. ఆయన పెద్దవయసు వాళ్ళకని ఒక డిస్కౌంటు కార్డు పెట్టాడు. ఏడాదికోసారి కొంచెం రుసుము కడితే చాలు, మాత్రల ధరలో అయిదో వంతు తగ్గిస్తాడు. నీకేం జబ్బు, మీ నాయన దేనితో పోయాడు అని ఒక్క ప్రశ్న లేదు. కార్డు చూపిస్తాం, మాత్రలు తెచ్చుకుంటాం, తగ్గింపు అక్కడికక్కడే బిల్లులో ఉంటుంది. డబ్బు వెనక్కి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే పని లేదు. నా బీపీ మాత్ర, ఈయన షుగరు మాత్ర, ఇద్దరి కొలెస్ట్రాలు మాత్రలు, అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. అదీ బరువనిపిస్తే జన ఔషధి అంగడి ఉండనే ఉంది. అక్కడ డబ్బా మీద పేరు వేరు, లోపలి మందు అదే. పొద్దస్తమానం లేసు గజానికి బేరమాడే మనిషిని నేను. నాకు తగ్గింపు అంటే ఎంత సంతోషమో మీకు చెప్పాలా?

అయితే ఆ కార్డు సంగతి నాకు బాగా తెలుసు. అది అంగడివాడి మంచితనం, అంతకు మించి ఏమీ కాదు. ఆసుపత్రిలో పడుకోబెడితే ఆ కార్డు చూపించి మంచం అడగలేం. స్కానింగుకు పనికిరాదు, ఆపరేషనుకు పనికిరాదు, డాక్టరు ఫీజుకు పనికిరాదు. మన డబ్బుతో మనం కొంటుంటే కొంచెం తగ్గిస్తుంది. ఇన్సూరెన్సు అట్లా కాదు, ఖర్చునే తన నెత్తిన వేసుకుంటుంది. అమ్మేవాళ్ళు మాత్రం రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు. మొన్నామధ్య ఎవరో ఫోను చేసి, మా కార్డు తీసుకుంటే ఇన్సూరెన్సుతో పనే లేదమ్మా అంటున్నాడు. నాకు నోరు ఊరుకుంటుందా? గుండె ఆపరేషనుకు ఎంత తగ్గిస్తావు నాయనా అని అడిగాను. పెట్టేశాడు.

సొంతంగా మనమే ఒక ఇన్సూరెన్సు తీసుకుంటే పిల్లల్ని ఇబ్బంది పెట్టే పనే ఉండదు కదా అని అదీ చూశాం. మోహన్‌కుమార్ అని ఒక ఏజెంటు వచ్చాడు. ఇస్త్రీ షర్టు, నవ్వు ముఖం. ప్రీమియం ఎంతో చెప్పేదాకా నేనూ నవ్వుతూనే ఉన్నాను. వయసు పెరిగే కొద్దీ అదీ పెరుగుతుందట. ఆసుపత్రి బిల్లులో ఒక వంతు మనమే పెట్టుకోవాలట. ఇప్పటికే ఉన్న జబ్బుకైతే మూడేళ్ళు ఆగాలట. మరి నెలనెలా వేసుకునే మాత్రలకో అంటే "అవి ఇందులో రావమ్మా" అన్నాడు. మావారు చాలా నెమ్మదిగా "మూడేళ్ళు ఆగమని ఆ జబ్బుకు మీరు చెప్తారా, మేము చెప్పల్లా" అని అడిగారు. పాపం, టీ సగంలో వదిలేసి వెళ్ళాడు.

ఇదంతా ఎందుకు రాశానంటే, అన్నిటిలోకీ నవ్య కంపెనీదే నిజమైన ఇన్సూరెన్సు. వయసు అడ్డం రాదు, పాత జబ్బు అడ్డం రాదు, ఆసుపత్రికీ ఇస్తుంది, మాత్రలకూ ఇస్తుంది. అటువంటిది గుండె దెబ్బతిన్న మనిషి ఉన్న ఇంటికి వెళ్ళాలి. అన్నగారికి రేపు ఏదైనా అయితే, అమ్మడానికి మగ్గాలు ఎన్నని ఉంటాయి? మాకు ఉన్నవి మామూలు జబ్బులు, వాటికి కార్డు చాలు. ఇది మావారి మాట. నా మాట కూడా అదేనని రాయమంటున్నారు. రాశాను.

కాబట్టి ఈసారి మర్యాదలు పక్కన పెట్టండి. మళ్ళీ "వద్దు, మీవే రాయించండి" అని కబురు పంపకండి. మీ ఆధార్ కార్డులు, ఫోటోలు అల్లుడుగారికి పంపండి. ఆయన చేత నవ్యకు ఫోను చేయించండి. మా నాయనా అమ్మా ఒప్పుకున్నారు, రాయించు అని ఒక్క మాట ఆయన నోట వస్తే, ఇది మారు మాట్లాడకుండా రాస్తుంది. జీతం నాది అన్నందుకు మీ ఇద్దరి కాళ్ళూ పట్టుకునే బాధ్యత నాది. పిల్ల పొగరుబోతు కాదు వదినా. కోపంలో నోటికి ఏ మాట ముందొస్తే అది అనేస్తుంది, అంతే. అది నా పోలికే.

ఇక మామూలు కబుర్లు. అంగడి ఫరవాలేదు. టైలర్లు ఇప్పుడు గుండీలు కూడా ఆన్‌లైనులో తెప్పించుకుంటున్నారు. అయినా జాకెట్టు రంగుకు సరిపోయే దారం కావాలంటే చేత్తో పట్టుకుని చూడాల్సిందే కదా, అందుకని ఇంకా వస్తున్నారు. మీరు పెట్టిన నెమలిపింఛం రంగు చీరకు జాకెట్టు ఇప్పుడే కుట్టించాను, ఉగాదికి కట్టుకుంటాను. ఆ రోజు ఒబ్బట్లు చేసి పంపిస్తాను. అన్నగారికి నెయ్యి వద్దన్నారు కాబట్టి ఆయనవి విడిగా కడతాను. మగ్గం పని ఎక్కువ పెట్టుకోవద్దని ఆయనకు చెప్పండి. మీరు చెబితే వినరు, నేను చెప్పానని చెప్పండి.

సెలవు తీసుకుంటాను. పెద్దవారికి నా నమస్కారాలు, పిల్లలకు మన నలుగురి ఆశీస్సులు.

ఇట్లు
మీ వియ్యపురాలు
గౌరమ్మ

పైదంతా చదివి ఒప్పుకున్నాను.
మునిరాజు

తా.క. వదినా, ఇక్కడినుంచి రాసింది ఆయన చదవలేదు. కవరు తానే అంటించి, బిళ్ళ అతికించి, పోస్టులో వేసి రమ్మని నా చేతికిచ్చి క్షౌరానికి వెళ్ళారు. ఆదరాబాదరాగా రాస్తున్నాను. ఆ కవరు చింపేశాను, ఇంకోటి కొంటాను.

పైన కార్డు గురించి, ఏజెంటు గురించి రాసినవన్నీ నిజమే. మేము బాగున్నామన్నదే అబద్ధం.

ఆయనది దగ్గు కాదు. జనవరిలో ఛాతీ డాక్టరు స్కానింగు చేయించి చెప్పాడు, ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని. నయం చేసే మందు లేదట. ఉన్న ఊపిరి పోకుండా పట్టి ఉంచే మాత్ర ఒకటి ఉంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, బతికున్నన్నాళ్ళూ వేసుకోవాలి. కార్డు ఉంది కదా అని ధైర్యంగానే చీటీ పట్టుకుని వెళ్ళాను. వెంకటగిరియప్ప నా కార్డు చేతిలోకి కూడా తీసుకోలేదు. "గౌరక్కా, ఈ మాత్రకు కార్డు పట్టదు. తెప్పించి ఇచ్చేదే కష్టంగా ఉండాది, నాకూ ఏం మిగల్దు" అన్నాడు. జన ఔషధిలో అడిగితే తమ దగ్గర లేదన్నారు. ఆ ఒక్క మాత్రకు నెలకయ్యే ఖర్చు మా అంగడి బాడుగ కంటే ఎక్కువ.

ఆయన పొద్దుటిది వేసుకుంటున్నారు, సాయంత్రానిది మానేశారు. మాత్రల పట్టీ అయిపోవాల్సిన రోజుకు అయిపోకపోతే నాకు అనుమానం వచ్చి అడిగాను. "సగం ఏసుకుంటే సగమన్నా నిలబడ్తాది లేప్పా" అన్నారు. నేను డాక్టరుకు ఫోను చేశాను. అట్లా నిలబడదన్నాడు. పోయిన ఊపిరి తిరిగి రాదన్నాడు. ఇప్పుడు మా మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, వీధిలో ఎవరినో చూస్తున్నట్టు నటిస్తారు. వెనకాల నేను కూడా చూస్తున్నట్టు నిలబడతాను.

నవ్యకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. మీకు చెప్పొద్దని వేయించుకోవాలని ఆయనకు తోచలేదు. వియ్యపురాలి ముందు నేను నోరు తెరుస్తానని ఆయన కలలో కూడా అనుకోరు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి నవ్యకే చెప్పొచ్చు. చెబితే ఆ నిమిషమే మా పేర్లు రాసేస్తుంది, మిమ్మల్ని అడగను కూడా అడగదు. మీ అబ్బాయి దాన్ని జన్మలో క్షమించరు. రేపు అన్నగారికి ఏదైనా అయితే నా బిడ్డ ఆ ఇంట్లో తలెత్తుకోలేదు. అందుకని దానికంటే ముందు మీ దగ్గరికి వచ్చాను.

ఫిబ్రవరిలో మీరు అన్నగారి మందుల చీటీ ఫోటో పంపి, బెంగళూరులో తక్కువకు దొరుకుతాయేమో కనుక్కోమన్నారు. కనుక్కున్నాను. గుండెకు రాసినవి, మీ షుగరువి, అన్నిటికీ కార్డు పడుతుంది. జన ఔషధిలోనూ అన్నీ ఉన్నాయి. ఆ మాట మీకు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. చెబితే దాని వెనకే ఈ మాట అడగాల్సి వస్తుందని భయం. పై కాగితాల్లో కార్డు మాకు, ఇన్సూరెన్సు మీకు అని రాయించారు ఆయన. మందుల వరకే చూస్తే అది తారుమారు కావాలి. అన్నగారి మాత్రలకు కార్డు సరిపోతుంది, ఈయన మాత్రకు సరిపోదు.

మందుల వరకే అన్నాను. మిగతాది దాచను. అన్నగారికి మళ్ళీ ఛాతీ పట్టేసి ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే కార్డు ఎందుకూ కొరగాదు, అప్పుడు మీకు ఏ ఆసరా ఉండదు. అది తెలిసే అడుగుతున్నాను. ఆ చోటు మాకు ఇవ్వండి వదినా. బిడ్డను ఇచ్చినవాళ్ళం, మీ గుమ్మం ముందు చెయ్యి చాపకూడదని ఆయన అంటారు. నేను చాపుతున్నాను. ఈ ఒక్క ఏడాదికే అని రాయబోయి ఆగాను. ఆ మాత్ర ఒక ఏడాదితో అయిపోయేది కాదు, మిమ్మల్ని మోసం చెయ్యను.

మీరు ఇవ్వలేనంటే మీ మీద నాకు కోపం రాదని రాయాలి. వస్తుందేమో, చెప్పలేను. మీ స్థానంలో ఉంటే నేనేమంటానో అదీ చెప్పలేను. అన్నగారితో మాట్లాడండి, అల్లుడుగారితో మాట్లాడండి. మర్యాద కోసం మాత్రం సరేననకండి. మర్యాద కోసం మీరు వదులుకున్న ఆసరా మీద ఈయన బతకలేరు, నేనూ నిద్రపోలేను.

వచ్చే మంగళవారం పొద్దున ఆయన సరుకుకని చిక్కపేటకు వెళ్తారు, పదకొండుకు ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. మగ్గాలు ఆపించి, స్పీకరు పెట్టకుండా ఫోను చెయ్యండి. బాగున్నారా, భోజనాలయ్యాయా అని అడగకండి. అడిగితే అలవాటు చొప్పున బాగున్నామనేస్తాను, మీరూ బాగున్నామనేస్తారు, ఫోను పెట్టేస్తాం. నేను ఎత్తగానే ముందు ఆ మాట చెప్పేయండి, అవునైనా సరే, కాదైనా సరే.